ఊల్టన్ పై: 1941 నాటి ఒక పూట భోజనం

1941 ఏప్రిల్ 26న లండన్ టైమ్స్ పత్రికలో ఒక వంట పద్ధతి అచ్చయింది. బంగాళాదుంప, కాలీఫ్లవర్, క్యారట్, స్వీడ్ అనే దుంప, తలా ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు. వీలైతే మూడు నాలుగు ఉల్లికాడలు. చిన్న చెంచాడు కూరగాయల సారం, పెద్ద చెంచాడు ఓట్స్ నూక. మీద పిండి మూత. ఇలా పిండి కప్పి ఓవెన్‌లో కాల్చే వంటకాన్ని పై అంటారు. మాంసం లేదు, గుడ్డు లేదు, జున్ను లేదు. దీన్ని రూపొందించింది లండన్ సవాయ్ హోటల్ ప్రధాన వంటవాడు ఫ్రాన్సువా లాత్రీ. పేరు మాత్రం అప్పటి ఆహార మంత్రి లార్డ్ ఊల్టన్‌ది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ వంటిళ్లలోకి వచ్చిన కొత్త వంటల్లో బాగా పేరుకెక్కింది ఇదే. చాలామందికి నచ్చనిదీ ఇదే.

పద్ధతి చెప్పడానికి నాలుగైదు వాక్యాలు చాలు. ఆ నాలుగైదు వాక్యాలు ఒక ఇంట్లో పళ్లెంలోకి రావడానికి ఎంత పని పట్టేదో అందులో కనిపించదు. రేషన్ అంటే ప్రభుత్వం చేసిన న్యాయమైన పంపకమని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పులో నిజముంది. కాని కూపన్‌ను భోజనంగా మార్చింది జీతం లేని, ఏ పద్దులోకీ ఎక్కని ఆడవాళ్ల చాకిరీ. అందుకే ఈ వంటను పొయ్యి దగ్గర కాకుండా ఇంకా ముందు నుంచి మొదలుపెడుతున్నాను.

ముందుగా పుస్తకం

1939 సెప్టెంబరు 29న బ్రిటన్‌లో ఇంటింటా మనుషుల పేర్లు నమోదు చేశారు. ఆ జాబితాల ఆధారంగానే గుర్తింపు కార్డులు, రేషన్ పుస్తకాలు తయారయ్యాయి. పెద్దవాళ్ల పుస్తకం మట్టిరంగు. గర్భిణులకు, అయిదేళ్ల లోపు పిల్లలకు ఆకుపచ్చ. బడికి పోయే పిల్లలకు నీలం. ఆకుపచ్చ పుస్తకం ఉన్నవాళ్లకు పాలు, పళ్ల దగ్గర ముందు హక్కు.

పుస్తకం చేతికి రాగానే ఇల్లాలు దుకాణం ఎంచుకోవాలి. మాంసానికి ఒక కొట్టు, వెన్నకూ చక్కెరకూ ఒక కొట్టు, పాలకు ఒకరు. పేరు రాయించుకున్నాక ఇక అక్కడే కొనాలి, ఎందుకంటే అక్కడ నమోదైన పేర్ల లెక్క ప్రకారమే ఆ కొట్టుకు సరుకు వస్తుంది. డబ్బు ఇవ్వాల్సిందే, దాంతోపాటు కూపన్ కూడా ఇవ్వాలి. కొట్టువాడు దాన్ని కత్తిరించుకుంటాడు, లేదా కొట్టివేసి గుర్తు పెడతాడు.

1940 జనవరి 8న బేకన్, వెన్న, చక్కెరలతో రేషన్ మొదలైంది. మార్చిలో మాంసం, జులైలో టీ, మార్జరీన్, వంట కొవ్వు చేరాయి. మరుసటి ఏడు జామ్, జున్ను. మోతాదులు తరచూ మారేవి గాని, యుద్ధం నడిమధ్యన ఒక మనిషికి వారానికి ఇంచుమించు ఇంత: వెన్న 57 గ్రాములు, మార్జరీన్ 113, బేకన్ 113, చక్కెర 227, టీ 57, జున్ను 57, దొరికితే ఒక గుడ్డు. మాంసానికి తూకం కాదు, ధర హద్దు. చాలాకాలం అది ఒక షిల్లింగు రెండు పెన్నీలు. చవక ముక్క తీసుకుంటే ఎక్కువ తూగుతుంది, కాని గంటల తరబడి ఉడకాలి, దానికి ఇంధనం కావాలి. మంచి ముక్క తీసుకుంటే ఒక్క ఆదివారంతో సరి. ఈ లెక్క ప్రతి వారం, ప్రతి ఇంట్లో ఒక ఆడమనిషి బుర్రలో నడిచేది. కొడుకు సైన్యంలో చేరితే ఒక పుస్తకం తగ్గుతుంది. బాంబుల భయంతో పిల్లలను పల్లెకు పంపితే వాళ్ల పుస్తకాలు అక్కడ వాళ్లను పెట్టుకున్న ఇంటి ఇల్లాలికి పోతాయి, లెక్క ఆమె నెత్తిన పడుతుంది. 1941 డిసెంబరు నుంచి డబ్బా సరుకులకు పాయింట్లు వచ్చాయి, తొలుత నెలకు 16. అదే ఏడు జూన్ 1న బట్టల రేషన్ పెట్టినప్పుడు కొత్త పుస్తకాలు అచ్చయ్యే దాకా ఆహార పుస్తకంలో వాడకుండా మిగిలిన మార్జరీన్ కూపన్లనే బట్టలకు వాడమన్నారు. అంటే ఆ పుస్తకం పోగొట్టుకుంటే తిండీ బట్టా రెండూ పోయినట్టే.

ఆ తర్వాత వరస

ఊల్టన్ పైలో రేషన్ సరుకు దాదాపు లేదు, పిండి మూతలోకి వేసే కొవ్వు తప్ప. దాని విలువంతా అక్కడే ఉంది. కూరగాయలకు కూపన్ అక్కర్లేదు. కాని కూపన్ లేని సరుకు ముందే వరస పొడవుగా ఉండేది. చేపలకు వరస, కాలేయానికి వరస, ఎక్కడో నారింజలు వచ్చాయని తెలిస్తే వరస.

వరసలో నిలబడాలంటే పగటి పూట తీరిక కావాలి. ఆ తీరికను యుద్ధమే తీసుకుపోయింది. 1941 డిసెంబరులో వచ్చిన చట్టం 20 నుంచి 30 ఏళ్ల మధ్య పెళ్లికాని ఆడవాళ్లను కూడా జాతీయ సేవకు పిలిచింది: సైన్యపు సహాయక దళాలకో, ఫ్యాక్టరీలకో, పొలాలకో. పెళ్లయిన వాళ్లు లక్షల సంఖ్యలో పనుల్లో చేరారు. విమానాల రెక్కలకు రివెట్లు కొట్టారు, ఫిరంగి గుళ్లు నింపారు, బస్సుల్లో టికెట్లు కొట్టారు. పక్కన నిలబడి అదే పని చేసే మగవాడి కంటే జీతం బాగా తక్కువ. షిఫ్టు ముగిసి బయటికొచ్చే సరికి దుకాణాలు కట్టేసి ఉండేవి. ఆడవాళ్లు పనికి రావడం లేదని యజమానులు ఫిర్యాదు చేసినప్పుడు, వాళ్లు రాని రోజున ఎక్కడ ఉన్నారంటే చాలాసార్లు కొట్టు ముందు వరసలో ఉన్నారు. కొన్ని ఫ్యాక్టరీలు చివరికి అది అర్థం చేసుకుని బజారు పనికి విడిగా సమయం ఇచ్చాయి. పసిపిల్లల కోసం యుద్ధకాలపు శిశు కేంద్రాలు 1,300కు పైగా తెరిచారు. అవసరం అంతకంటే చాలా ఎక్కువ. మిగతా పిల్లలను అమ్మమ్మలు, నానమ్మలు, పక్కింటివాళ్లు చూశారు.

కూరగాయలు

యుద్ధానికి ముందు బ్రిటన్ తినే తిండిలో సగానికి మించి ఓడల్లో వచ్చేది. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడల మీద పడ్డాయి. ఓడ అవసరం లేని తిండి ఏది? పెరట్లో పండేది. గెలుపు కోసం తవ్వండి అని ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది. పచ్చిక బయళ్లు, పార్కులు, ఆట మైదానాలు తవ్వారు. లండన్ టవర్ కోట చుట్టూ ఉన్న కందకంలో కూడా కూరగాయలు పండించారు. పురపాలకుల నుంచి కౌలుకు తీసుకునే చిన్న మళ్లు 14 లక్షల దాకా పెరిగాయి. మగ కూలీలు యుద్ధానికి పోయిన పొలాల్లోకి ల్యాండ్ ఆర్మీ అనే మహిళా దళం అమ్మాయిలు వచ్చారు. వాళ్ల సంఖ్య ఒక దశలో 80,000 దాటింది. పట్టణాల్లో క్షౌరశాలల్లో, కొట్లలో పనిచేసిన పిల్లలు తెల్లవారుజామున ఆవుల పాలు పితికారు, మంచులో దుంపలు తవ్వారు.

ఉల్లి సంగతి వేరు. బ్రిటన్‌కు ఉల్లి ఎక్కువగా ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం నుంచి, ఛానెల్ దీవుల నుంచి వచ్చేది. 1940 జులై మొదటి వారం కల్లా అవి జర్మన్ల చేతికి పోయాయి. ఆ చలికాలంలో ఉల్లిపాయను లాటరీలో బహుమతిగా పెట్టేంత కరువు వచ్చింది. లాత్రీ పద్ధతిలో ఉల్లికాడల పక్కన వీలైతే అన్న మాట అందుకే ఉంది.

మనం చేసుకునేటప్పుడు స్వీడ్ దొరకదు. దాని చోట టర్నిప్ గాని నూల్‌కోల్ గాని వేసుకోవచ్చు. టర్నిప్ వేస్తే కొంచెం నీరెక్కువ ఊరుతుంది, నీళ్లు తగ్గించుకోవాలి. ముల్లంగి వద్దు, దాని వాసన మిగతా వాటిని తినేస్తుంది.

కడగడం, తరగడం

బంగాళాదుంపకు తొక్క తీయకూడదు. బ్రష్‌తో మట్టి పోయేదాకా రుద్ది కడగాలి. తొక్కతోనే వండమని ఆహార శాఖ పదే పదే చెప్పింది, పొటాటో పీట్ అనే బొమ్మ మనిషిని పుట్టించి మరీ చెప్పింది. రోజూ ఉదయం 8.15కు బీబీసీ రేడియోలో కిచెన్ ఫ్రంట్ కార్యక్రమం వచ్చేది. మార్కెట్లో ఏది ఎక్కువగా ఉంది, దాంతో ఏం చేయొచ్చు అని చెప్పేవాళ్లు. గట్టి దుంపలను అంగుళానికి కాస్త తక్కువ ముక్కలుగా, కాలీఫ్లవర్‌ను చిన్న పువ్వులుగా తుంచాలి. స్వీడ్, క్యారట్ ఆలస్యంగా ఉడుకుతాయి గనుక వాటి ముక్కలు మరింత చిన్నవిగా ఉండాలి. లాత్రీ అన్నీ కలిపి పది నిమిషాలు అన్నాడు. ముక్కలు సమంగా లేకపోతే పది నిమిషాలకు క్యారట్ పచ్చిగా, కాలీఫ్లవర్ మెత్తగా ఉంటాయి.

కాలీఫ్లవర్ కాడలు, లేత ఆకులు పారేయకండి. సన్నగా తరిగి కలిపేయండి. అప్పట్లో తిండి వృథా చేయడం నేరం. 1940లోనే ఆ ఉత్తర్వు వచ్చింది. పక్షులకు రొట్టె వేసినందుకు కోర్టు జరిమానా వేసిన సందర్భాలున్నాయి. మనుషులు తినలేని తుక్కు కోసం వీధి చివర పందుల డబ్బా పెట్టేవారు. అందులో పడ్డది పందుల మేతగా పోయేది.

ఉడకబెట్టడం

ముక్కలన్నీ గిన్నెలో వేసి, అవి మునిగేంత నీళ్లు మాత్రమే పోయాలి. చిన్న చెంచాడు కూరగాయల సారం, అంటే మార్మైట్ లాంటిది, కలపాలి. అది లేకపోతే ఉప్పు, మిరియాల పొడి సరిపోతాయి. ఓట్స్ నూకను పొడిగా చల్లుతూ కలపాలి, ఒక్కసారే వేస్తే ఉండలు కడుతుంది. మూత పెట్టి, మధ్యమధ్యలో కలుపుతూ, పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. నూక చిక్కబడ్డాక అడుగంటుతుంది, చివరి నిమిషాల్లో పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు. ముక్క చాకుకు లొంగాలి గాని చిదిమిపోకూడదు, ఎందుకంటే ఇది మళ్లీ ఓవెన్‌లో ఉడుకుతుంది.

ఇప్పుడు చల్లారనివ్వాలి. పూర్తిగా చల్లారాకే మూత వేయాలి, వేడి మీద వేస్తే పిండి చెమ్మబట్టి కూలిపోతుంది.

ఈ చల్లార్చే వేళ 1941లో ఎలా ఉండేదో ఊహించండి. చీకటి పడేలోగా కిటికీలన్నీ నల్ల గుడ్డతో, అట్టలతో మూసేయాలి. ఒక్క వెలుగు గీత బయటికి పోతే వీధి కాపలావాడు తలుపు తట్టేవాడు. మూసిన గదిలో ఆవిరి, బొగ్గు పొగ. సైరన్ మోగితే పొయ్యి ఆపి, పిల్లలను లేపి, పెరట్లోని షెల్టర్‌కు పోవాలి. ఇంధనం మిగల్చడానికి చాలామంది గడ్డిపెట్టె వాడారు. ఉడుకు పట్టిన గిన్నెను ఎండుగడ్డి దట్టించిన చెక్కపెట్టెలో పెట్టి మూసేస్తే, లోపలి వేడితోనే గంటల తరబడి నెమ్మదిగా ఉడుకుతుంది. పొద్దున పెట్టి పనికి పోయి, సాయంత్రం వచ్చి తీసుకోవచ్చు. షిఫ్టులో ఉన్న ఆడవాళ్లకు అది నిజమైన ఆసరా.

పిండి మూత

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ వంటలో బరువైన విషయమంతా పిండిలో ఉంది.

కావలసినవి: పావు కిలోకు కాస్త తక్కువ గోధుమ పిండి, దానిలో సగం ఉడికించి మెదిపిన బంగాళాదుంప, 60 గ్రాముల కొవ్వు, చిటికెడు ఉప్పు, ఒక చెంచా బేకింగ్ పౌడర్. కొవ్వును వేళ్ల కొసలతో పిండిలోకి రవ్వరవ్వగా కలిపి, బంగాళాదుంప వేసి, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ముద్ద చేయాలి. చపాతీ పిండిలా పిసకకూడదు. పిసికితే మూత తోలు కడుతుంది. మామూలు పేస్ట్రీకి పిండిలో సగం కొవ్వు పడుతుంది. వారానికి దొరికేదే గుప్పెడు గనుక ఆ లోటును బంగాళాదుంపతో పూడ్చారు. అరగంట పక్కన ఉంచి, అర సెంటీమీటరు మందాన ఒత్తాలి.

పిండి మైదా కాదు. 1942 వసంతంలో బ్రిటన్‌లో తెల్ల రొట్టె కనుమరుగైంది. గోధుమ గింజలో 85 శాతం పిండిలోకి వచ్చేలా మరాడించి నేషనల్ లోఫ్ అనే రొట్టె చేశారు. రంగు బూడిద, తడితడిగా ఉండేది, జనం మొహం చిట్లించారు. అయినా ఆ నిర్ణయం సరైనదే. అదే గోధుమతో ఎక్కువ పిండి వస్తే అంత మేర ఓడల్లో చోటు మిగులుతుంది. కేంబ్రిడ్జిలో ఎల్సీ విడోసన్, రాబర్ట్ మెకాన్స్ అనే శాస్త్రవేత్తలు యుద్ధం తొలి నెలల్లోనే తమ మీదా మిత్రుల మీదా ప్రయోగం చేశారు: కొద్దిపాటి మాంసం, పాలు, కావలసినంత రొట్టె, బంగాళాదుంప, క్యాబేజీ. ఆరోగ్యంగా ఉండగలమని తేల్చుకున్నారు. ఆ పిండితో కాల్షియం సరిగా ఒంటపట్టడం లేదని గమనించి సుద్ద కలపమన్నారు. రొట్టె పిండిలో నిజంగానే సుద్ద కలిపారు. ఆహార శాఖ శాస్త్ర సలహాదారు జాక్ డ్రమండ్ కూడా తల్లులకు, పిల్లలకు ముందు అన్న పట్టు వదల్లేదు. పాలు చవగ్గా, లేనివాళ్లకు ఉచితంగా, పసివాళ్లకు నారింజ రసం, కాడ్ లివర్ నూనె. ఫలితం కనిపించింది. యుద్ధం నడుస్తున్న దేశంలో పసిపిల్లల మరణాల రేటు యుద్ధం ముగిసేనాటికి ముందుకంటే తగ్గింది.

దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. ఆ వెంటనే కోపం వస్తుంది. ఓడల లెక్క అంత జాగ్రత్తగా చూసిన ప్రభుత్వమే మన దేశాన్నీ పాలించింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలో పడింది. బర్మా బియ్యం ఆగిపోయింది. అక్కడ రేవుల్లో, మిల్లుల్లో కూలి చేసుకునే మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో జబ్బులకు, ఆకలికి చాలామంది రాలిపోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మరుసటి ఏడు బెంగాల్‌లో కరువు. చనిపోయినవాళ్లు 20 నుంచి 30 లక్షల మంది అని అంచనాలు. ధాన్యం పంపండని ఢిల్లీ నుంచి మళ్లీ మళ్లీ కబుర్లు పోయినా, అడిగినంత ధాన్యానికి ఓడలు కేటాయించడానికి లండన్‌లోని యుద్ధ మంత్రివర్గం ఒప్పుకోలేదు. కేంబ్రిడ్జి ప్రయోగశాలలో ఒక మనిషికి ఎన్ని గ్రాముల కాల్షియం కావాలో లెక్కగట్టిన రాజ్యం, బెంగాల్‌లోని మిడ్నపూర్ పల్లెలో మనిషికి పిడికెడు బియ్యం కావాలని లెక్కగట్టలేదు. నేషనల్ లోఫ్ న్యాయం నిజమే, అది ఆ దీవి ఒడ్డున ఆగిపోయింది. లండన్ కసాయి కొట్టు ముందు నిలబడ్డ కూలివాని భార్యకు ఇందులో పాపం లేదు. నిర్ణయాలు చేసినవాళ్లకు ఉంది.

ఓవెన్‌లోకి

లోతైన పళ్లెంలో చల్లారిన కూర పరిచి, తరిగిన పార్స్‌లీ చల్లాలి. మనకు కొత్తిమీర ఉంది. ఒత్తిన పిండిని మీద కప్పి, అంచులు వేళ్లతో నొక్కి, మధ్యలో చాకుతో రెండు గాట్లు పెట్టాలి, ఆవిరి పోవడానికి. 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు, పైన ఎర్రబడే దాకా. పిండి కూడా లేకపోతే మెదిపిన బంగాళాదుంపనే మందంగా పరిచి ఫోర్కుతో గీతలు గీయొచ్చు. ఇది కూడా అప్పటి పద్ధతే. ఓవెన్ వెలిగించినప్పుడు ఒక్క వంటకే వెలిగించకూడదన్నది ఆ రోజుల నియమం. పక్క అరలో రేపటికి బంగాళాదుంపలో, పుడ్డింగో ఉండాల్సిందే.

గోధుమరంగు గ్రేవీతో వేడివేడిగా తినాలి. కొద్దిగా కొవ్వులో చెంచాడు పిండి దోరగా వేయించి, కూరగాయలు ఉడికిన నీళ్లు మిగిలి ఉంటే అవి పోసి, చిక్కబడే దాకా కలిపితే గ్రేవీ అవుతుంది. రుచి నిజం చెబితే మెత్తగా, చప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది. క్యారట్, స్వీడ్ తీపి అది. మిరియాలు ధారాళంగా పడితే బాగుంటుంది.

వడ్డన

ఈ వంటకం పుట్టిన సవాయ్ హోటల్లో తినేవాళ్లు కూపన్ ఇవ్వనక్కర్లేదు. హోటళ్లలో భోజనం రేషన్‌లో లేదు. డబ్బున్నవాళ్లు అక్కడ తిని, ఇంటి రేషన్ మిగుల్చుకోవచ్చు. విమర్శ వచ్చాకే 1942లో హోటల్ భోజనం ధర అయిదు షిల్లింగులు మించకూడదన్నారు. పనివాళ్ల కోసం పట్టణ పాలక సంస్థలు బ్రిటిష్ రెస్టారెంట్లు తెరిచాయి. 1943 కల్లా అవి 2,000 దాటాయి. చర్చి హాళ్లలో, బడుల్లో, చవకలో కడుపునిండా భోజనం. ఆడమనిషికి ఒక పూటైనా పొయ్యి వెలిగించకుండా తినే వీలు కల్పించిన ఏర్పాటు అదే. అందుకే యుద్ధకాలపు పనుల్లో నేను దానికి పెద్ద పీట వేస్తాను.

ఇంట్లో మాత్రం వడ్డనలో పాత అలవాటే నడిచింది. మాంసం ముక్క మగవాడికి, గుడ్డు పిల్లవాడికి, తల్లికి టీ, రొట్టె. పుస్తకాల మీద అందరి వాటా సమానమే, కంచాల్లో కాదు. ఊల్టన్ పై లాంటి వంటలో ఒక మేలుంది: ఎవరికి తీసిపెట్టడానికీ అందులో మంచి ముక్కంటూ ఏదీ లేదు, చేసిన మనిషికీ సమంగానే దక్కుతుంది.

ఈ కొలతకు నలుగురైదుగురు తినొచ్చు. మిగిలితే పళ్లెంలోనే మూతపెట్టి ఉంచి, మర్నాడు పిండి మూతను విడిగా వేడి చేసుకుని, కూరను నీళ్లు కలిపి సూప్ చేసుకోండి. పళ్లెం తోమడానికి సబ్బు తక్కువ వాడేవారు, 1942 ఫిబ్రవరి నుంచి సబ్బు కూడా రేషనే. యుద్ధం 1945లో ముగిసింది. శిశు కేంద్రాలు ఒకటొకటిగా మూతపడ్డాయి, చాలామంది ఆడవాళ్లను ఫ్యాక్టరీల నుంచి పంపేశారు. వంటింటి లెక్క మాత్రం మిగిలింది. యుద్ధమంతా రేషన్ లేని రొట్టెకు 1946 జులైలో రేషన్ పెట్టారు, రెండేళ్లకు గాని ఎత్తలేదు. మాంసం మీద కూపన్ పోయింది 1954 జులైలో. మొదటి పుస్తకం అందుకున్న నాటికి పాలు తాగే పాపకు అప్పటికి పద్నాలుగేళ్లు దాటాయి, కొట్టు ముందు వరసలో తల్లి బదులు ఆమే నిలబడుతోంది.